రివర్స్ విజిల్

కోత పండగ వేలంలో ఏదీ పాడకూడదని జయపాల్ గట్టిగానే అనుకుని వెళ్ళాడు. నడుముకు బెల్టు బిగించుకుని చర్చి వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడ్డ మనిషికి గుమ్మడికాయలతో, కోడిపుంజులతో పనేముంది? విజయవాడ నుంచి ఉయ్యూరుకీ, ఉయ్యూరు నుంచి విజయవాడకీ ఆర్టీసీ బస్సు తోలి తోలి వెన్నులో డిస్కు జరిగింది. చెక్క మంచం మీద వెల్లకిలా పడుకోవడం తప్ప వేరే పని పెట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. అయినా పండగ పూట ఇంట్లో పడుకుంటే దేవుడు ఏమనుకున్నా సంఘం మాత్రం ఏదో ఒకటి అనుకుంటుందని భార్య ఎలిజబెత్ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

సంఘంవాళ్ళు దేవుడికని తెచ్చిచ్చినవన్నీ వేలం పాడించేది డేనియల్ మాస్టారు. కోచింగ్ కాలేజీలో బోటనీ చెప్తాడు. సంఘంలో పెద్ద. జయపాల్ వాళ్ళ అపార్ట్‌మెంట్లోనే సరిగ్గా పై ఫ్లాట్లో ఉంటాడు. మైకు పట్టుకుంటే మాస్టారికి హుషారొస్తుంది. ఒకే అరటిగెలను పాడుకున్నవాడు మళ్ళీ దేవుడికే ఇచ్చేయడం, అది మళ్ళీ వేలానికి రావడం, ఆ గెల మీద జోకులు, నవ్వులు. అంతా ఏటా జరిగేదే.

ఆఖర్న ఒక అట్టపెట్టె వచ్చింది. వెనకటి రోజుల్లో టీవీకి తగిలించి ఆడుకునే వీడియో గేమ్ ఉండేది కదా, దాన్నే అరచేతిలో పట్టేంత చిన్నదిగా మళ్ళీ తయారు చేశారట. పాత ఆటలన్నీ అందులోనే ఉన్నాయట. ఎవరూ నోరు విప్పలేదు. పగలంతా సీలింగు ఫ్యాను వంక చూసి చూసి విసిగిపోయిన జయపాల్ చెయ్యి మాత్రం తనకు తెలియకుండానే లేచింది.

డేనియల్ మాస్టారు "ఒకటోసారి, రెండోసారి" అన్నాడు. మూడోసారి అనకుండా ఆగిపోయాడు. మైకు పట్టుకుని పెట్టె వంకే చూస్తూ ఉండిపోయాడు. వెనకనుంచి ఎవరో "కానివ్వండి మాస్టారూ" అంటే అప్పుడు మూడోసారి అన్నాడు. ఇంత వయసొచ్చి పిల్లల బొమ్మ పాడుకున్నందుకు తనను ఆటపట్టిస్తున్నాడనుకుని జయపాల్ నవ్వాడు. మాస్టారు నవ్వలేదు.

టీవీని ఎలిజబెత్ అంతకుముందే పడగ్గదిలోకి మార్పించింది. బుధవారం మధ్యాహ్నం జయపాల్ పెట్టె విప్పి, గేమ్ బాక్స్‌ను టీవీకి తగిలించి, మంచం మీదికి వచ్చేసరికి అసలు తిప్పలు మొదలయ్యాయి. పెట్టెలో వచ్చిన రెండు రిమోట్లకూ వైర్లు మూరెడుకు మించి లేవు. ఆడాలంటే టీవీ ముందు నేల మీద బాసిపట్టు వేసుకు కూర్చోవాలి. అలా కూర్చోవద్దనే కదా డాక్టరు మొత్తుకుంది. ఇలాంటి వైరు పెట్టినవాడికి నడుమనేది ఉండదేమోనని జయపాల్ తిట్టుకున్నాడు.

పెట్టె అడుగున బొటనవేలంత నల్ల ముక్క ఒకటి దొరికింది. దేనికో తెలియదు గానీ, దాని పిన్ను మొదటి సాకెట్లో సరిగ్గా కూర్చుంది. దాని మీద నీలం లైటు మిణుకు మిణుకుమంది. ఇంకేమీ జరగలేదు. వైరున్న రిమోటును రెండో సాకెట్లో గుచ్చి టీవీ బల్ల మీదే వదిలేసి, జయపాల్ వెల్లకిలా పడుకున్నాడు. పెట్టె లోపలి సంగీతం మాత్రం గదిలో మోగుతూనే ఉంది.

కాసేపటికి మిణుకుమనే లైటు నిలకడగా వెలిగింది.

తెర మీద బాణం గుర్తు కదిలింది. ఆటల వరసలో ఒక్కొక్కటే కిందికి దిగి, ఒకదాని దగ్గర ఆగింది. ఆట మొదలైంది. ఎర్ర టోపీ పెట్టుకున్న బుల్లి మనిషి గనిలోకి నడవసాగాడు. గదిలో జయపాల్ తప్ప ఎవరూ లేరు. రిమోటు బల్ల మీద ఎక్కడిదక్కడే ఉంది. అతని రెండు చేతులూ పొట్ట మీద ఉన్నాయి. అయినా ఒకసారి చేతుల వంక చూసుకున్నాడు.

"ఎలిజబెత్తూ" అని పిలిచాడు గానీ గొంతు సగమే వచ్చింది.

ఎలిజబెత్ ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి అప్పుడే కునుకు తీస్తోంది. లేచొచ్చి, గుమ్మంలో నిలబడి చూసింది. ఎర్ర టోపీ మనిషి ఒక గోయి దూకాడు. రెండోది దూకాడు. ఎలిజబెత్ పెదాలు కదిలాయి. ప్రార్థన పూర్తయిందో లేదో గానీ, గబగబా వెళ్ళి స్విచ్చి ఆపేసింది. చచ్చినవాళ్ళను ఎంతోమందిని చూసింది గానీ చెయ్యి లేకుండా ఆడే ఆటను మాత్రం చూళ్ళేదని, ఆ సామాను రేపే తిరిగి చర్చిలో అప్పగించి రమ్మని చెప్పింది. జయపాల్ ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడే గానీ మర్నాడు కూడా ఆ పెట్టె అక్కడే ఉంది.

శుక్రవారం లాజరు బత్తాయిలు పట్టుకుని చూడ్డానికొచ్చాడు. జయపాల్ బస్సుకు ఏళ్ళ తరబడి కండక్టరు. ఖాకీ తీసి మామూలు చొక్కా వేసుకున్నా, మెళ్ళో తాడుకు విజిల్ మాత్రం వేలాడుతూనే ఉంటుంది. సంగతి విని పగలబడి నవ్వాడు. నవ్వడం అయ్యాక ఆ నల్ల ముక్కను జేబులో వేసుకుని గవర్నర్‌పేట వెళ్ళి, ఒక ఎలక్ట్రానిక్స్ కొట్లో చూపించి, అలాంటిదే ఇంకోటీ, వైరు లేని రిమోటొకటీ పట్టుకొచ్చాడు.

కొట్టువాడు చెప్పిందంతా లాజరు మంచం పక్కన కూర్చుని ఒప్పజెప్పాడు. దాన్ని అడాప్టర్ అంటారట. గేమ్ చేసిన కంపెనీ చేసింది కాదు, ఎవరో వేరేవాళ్ళు చేసి అమ్ముతారట. సాకెట్లో పెడితే ఏ కంపెనీ వైర్‌లెస్ రిమోటునైనా పట్టేస్తుందట. ఇక వైరుతో పనిలేదు, మంచం మీద పడుకునే ఆడుకోవచ్చు.

"ఇంకోటుంది, విను" అన్నాడు లాజరు. "ఆఖరిసారి ఏ రిమోటు పట్టిందో దాన్ని ఇది మర్చిపోదంట. ఆ రిమోటు ఇక్కడే దగ్గర్లో, ఓ గోడకో శ్లాబుకో అవతల ఎక్కడో ఉంది. ఎవరో దాని మధ్య బటను నొక్కుతున్నారు. అంతే, నీ దెయ్యం."

అడాప్టరుకు పక్కన చిన్న బొక్క ఉంది. అందులో గుండుసూది పెట్టి నొక్కితే పాత రిమోటును మర్చిపోతుందట. లాజరు చొక్కా గుండీల దగ్గర గుచ్చుకున్న గుండుసూది తీసి పట్టుకున్నాడు.

"నొక్కమంటావా?"

జయపాల్ నొక్కమనబోయాడు. కానీ దెయ్యం కాదని తెలిసిన క్షణంలో పోవలసిన భయం పోకపోగా ఇంకోలా పట్టుకుంది. ఎవరో ఒక మనిషి ఆ చివర ఉన్నారు. ఎందుకున్నారో, ఏం కావాలో తెలియకుండా సూది పెట్టి తుడిచేయడానికి చెయ్యి రాలేదు. ఉండమన్నాడు.

పాత అడాప్టరు మొదటి సాకెట్లో, కొత్తది రెండో సాకెట్లో పెట్టారు. కొత్త రిమోటు మధ్య బటను లాజరు వేలితో నొక్కి పట్టుకుంటే రెండో లైటు నిలకడైంది. మొదటి లైటు కాసేపు మిణుకుమని అదీ నిలకడైంది. జయపాల్ వెల్లకిలా పడుకుని, తల కింద దిండు మడిచి పెట్టుకుని, రిమోటు పొట్ట మీద పెట్టుకున్నాడు. గనిలో ఎర్ర టోపీ పక్కన నీలం టోపీ వచ్చి నిలబడింది. ఆ ఆటను ఎర్ర టోపీ ఒక్కటే ఆడొచ్చు గానీ, నీలం టోపీ కూడా దిగితే ఇద్దరూ కలిసే నడవాలి. ఒకరు వెనకబడితే తెర ముందుకు జరగదు.

మొదటి గని దాటడానికి జయపాల్ నానా అవస్థా పడ్డాడు. ఎర్ర టోపీ మాత్రం కంఠతా వచ్చినట్టు దూకుతూ పోయింది. రెండో గనిలో గోయి మీద ఒక పలక అటూ ఇటూ కదులుతుంటుంది. అది దగ్గరికొచ్చినప్పుడు చూసి ఎక్కాలి. అక్కడ ఎర్ర టోపీ తిన్నగా నడిచి గోతిలో పడింది. మళ్ళీ వచ్చి మళ్ళీ పడింది. పలక ఎటున్నా సంబంధం లేదు. గోతిలో పడ్డ మోత వినిపించగానే తిరిగి బయల్దేరి, మళ్ళీ అదే గోతిలోకి.

జయపాల్ కాసేపు చూసి, టీవీ రిమోటు అందుకుని సౌండు పూర్తిగా తీసేశాడు. ఎర్ర టోపీ నడుస్తున్నదల్లా ఆగిపోయింది. సౌండు పెంచాడు. కదిలింది. మళ్ళీ తీశాడు. ఆగింది.

"వీడు చూట్టం లేదు లాజరూ" అన్నాడు జయపాల్. "విని ఆడుతున్నాడు."

ఇద్దరూ కిటికీ వంక చూశారు. కిటికీ తలుపు తీసి ఉంది. టీవీ మోత అందులోంచి పైకీ కిందికీ ఎక్కడికైనా పోతుంది. చూడకుండా బండి నడపడమంటే ఏమిటో జయపాల్‌కు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. ఉయ్యూరు బస్టాండులో రద్దీ వేళ వెనక్కి తీసేటప్పుడు అద్దంలో ఏమీ కనపడదు. వెనక లాజరు విజిలే కళ్ళు. చిన్న చిన్న విజిళ్ళు వేస్తుంటే ఖాళీ ఉంది, రావచ్చని. ఒక్కటి పొడుగ్గా ఊదితే ఆగమని. ఆ చప్పుడును నమ్మి, జనం మధ్యలోకి అంత బస్సునూ వెనక్కి వదిలేవాడు.

"ఊదు" అన్నాడు జయపాల్.

లాజరు ముందు బిత్తరపోయాడు. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్ళి, తెర వంక చూస్తూ విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. ఎర్ర టోపీ గోతి అంచుకు వస్తుంటే పొడుగ్గా ఊదాడు. ఆగలేదు, పడింది. మళ్ళీ ఊదాడు. మళ్ళీ పడింది. మూడోమాటు అంచు మీద సగం అడుగు వేసి ఆగింది. పలక దగ్గరికొచ్చింది. లాజరు చిన్న చిన్న విజిళ్ళు వేశాడు. ఎర్ర టోపీ ముందుకు దూకి, పలక మీద నిలబడింది.

అప్పుడు సీలింగులోంచి టక్, టక్ మని రెండు చప్పుళ్ళు వినిపించాయి. కండక్టరు రైట్ అని చెప్పడానికి బస్సును తట్టినట్టే రెండు.

లాజరు నోట్లోంచి విజిల్ జారిపోయింది. పైన ఎవరుంటారని గుసగుసగా అడిగాడు. డేనియల్ మాస్టారు ఉంటాడని, ఆయన కాలేజీకీ ఆయన భార్య మార్త స్కూలుకీ పొద్దున్నే వెళ్ళిపోతారని, పగలు ఇంటికి తాళమేనని జయపాల్ చెప్పాడు. కూతురు బ్లెస్సీ డాక్టరు సీటుకు రెండోసారి రాస్తోందని, కంకిపాడు దారిలో హాస్టల్లో ఉండి లాంగ్ టర్మ్ చదువుతోందని, తాము రోజూ ఆ గేటు ముందునుంచే బస్సు తోలుకెళ్ళేవాళ్ళమని చెప్తూ చెప్తూ మధ్యలో ఆగిపోయాడు. ఆ అమ్మాయి చిన్నప్పుడు తమ బస్సెక్కితే బానెట్ పక్కనే కూర్చుని, దిగేటప్పుడు తలుపు మీద రెండు దెబ్బలు కొట్టి దిగేది.

నడుము సంగతి మర్చిపోయి లేచి కూర్చున్నాడు. కలుక్కుమంది. అయినా అలాగే కూర్చుని సీలింగు వంక చూశాడు. హాస్టల్లో ఉందనుకున్న పిల్ల నెత్తి మీద ఉంది. తాళం వేసిన ఇంట్లో ఉంది. వెళ్ళేటప్పుడు లాజరు అడక్కుండానే విజిల్ తీసి మంచం మీద పెట్టి వెళ్ళిపోయాడు.

శనివారం మధ్యాహ్నం జయపాల్ ఒక చేత్తో తన నీలం టోపీని నడుపుతూ, పళ్ళ మధ్య విజిల్ పట్టుకుని ఎర్ర టోపీకి దారి చెప్పాడు. రెండో గని దాటారు. దాటగానే పైనుంచి రెండు దెబ్బలు. ఆ సంతోషం పూర్తిగా అనుభవించనివ్వకుండా ఒకటే ఆలోచన అతన్ని తినేస్తోంది. ఆడపిల్లను లోపల పెట్టి తాళం వేసి వెళ్తున్నారంటే వీళ్ళసలు మనుషులేనా? పాఠం చెప్పేవాడు, సంఘంలో పెద్ద, ఆయన చేసే పనా ఇది?

ఎలిజబెత్ ముందు నమ్మలేదు. రెండు దెబ్బలూ చెవులారా విన్నాక మంచం అంచున కూలబడింది. మర్నాడు ఒక్కతే చర్చికి వెళ్ళొచ్చి, చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడిపోయింది.

"డేనియల్ మాస్టారు లేచి ప్రార్థన మనవి చెప్పారండీ" అంది. "మా అమ్మాయి హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, జ్ఞానం కోసం ప్రార్థన చెయ్యమన్నారు. అందరం కళ్ళు మూసుకున్నాం. నేనూ మూసుకున్నాను. నా నోట్లోంచి ఆమేన్ రాలేదు."

జయపాల్‌కు ఒళ్ళు మండిపోయింది. దేవుడి ముందు నిలబడి అబద్ధమా అనుకున్నాడు. సాయంత్రం తలుపు తీసుకుని, గోడ పట్టుకుని నిలబడి, మెట్లెక్కి వస్తున్న మాస్టారికి ఎదురుపడ్డాడు. ఏమడగాలో, ఎలా అడగాలో కూడబలుక్కున్నదంతా కోపంలో కొట్టుకుపోయింది.

"పగలు మీ ఇంట్లో ఎవరుంటున్నారు మాస్టారూ?" అన్నాడు. "కింద టీవీ గేమ్ పెడితే పైనుంచి ఎవరో ఆడుతున్నారు."

డేనియల్ మాస్టారి మొహంలో రక్తం ఇంకిపోయింది. అబద్ధం పట్టుబడ్డ మొహం కాదది. ఏదో పోగొట్టుకున్నది ఇక్కడుందని ఎవరో చెప్పినట్టు చూశాడు. చేతిలో సంచి అక్కడే మెట్టు మీద వదిలేసి గబగబా పైకి వెళ్ళిపోయాడు. ఆ చూపు ఏమిటో జయపాల్‌కు అప్పుడు బోధపడలేదు. బాగా అడిగాననే అనుకున్నాడు.

సోమవారం మధ్యాహ్నం మొదటి లైటు మిణుకుమంటూనే ఉండిపోయింది. సౌండు పెంచాడు. ఆట సంగీతం అపార్ట్‌మెంటంతా వినబడేలా మోగింది. కిటికీలోంచి విజిల్ వేశాడు. ఎదురింటి బాల్కనీలోంచి ఎవరో తొంగి చూశారు గానీ పైనుంచి ఒక్క చప్పుడూ లేదు. నీలం టోపీ ఒక్కటే గని మొదట్లో నిలబడి ఉంది. ఎర్ర టోపీ లేకపోతే తెర ముందుకు జరగదు.

రిమోటు లాక్కుని ఉంటారని జయపాల్‌కు రూఢి అయింది. ఆ పిల్లకు చేతిలో ఉన్నది అదొక్కటే. తన నోటి దురుసుతో దాన్నీ పోగొట్టాడు. సూది పెట్టి నొక్కొద్దని లాజరు చెయ్యి ఆపిన తనే, మాటతో నొక్కేశాడు. ఆ రాత్రి అన్నం కెలికి వదిలేశాడు. నడుము నొప్పికి ఇచ్చిన మాత్ర వేసుకోవడానికి కూడా అతనికి సిగ్గేసింది.

మంగళవారం పైన ఇద్దరి చెప్పుల చప్పుడూ వినబడుతోంది. ఎవరూ పనికి వెళ్ళినట్టు లేరు. పదిమందిలో పరువు పోయినా సరే, ఇవాళ తేల్చుకోవాలని జయపాల్ బెల్టు బిగించుకున్నాడు. ఎలిజబెత్ అడ్డం పడింది. వాళ్ళింటి గుట్టు మనకెందుకని, పైగా మెట్లెక్కితే ఆపరేషన్ దాకా పోతుందని గొడవ పెట్టింది. అతను వినకుండా గుమ్మం దాకా నడిచేసరికి, ఆమె తనే టీవీ దగ్గరికి వెళ్ళి గేమ్ బాక్స్ ఊడదీసి చేత్తో పట్టుకుని వచ్చింది. అడాప్టర్లు రెండూ సాకెట్లలో అలాగే ఉంచింది. జయపాల్ విజిల్ మెళ్ళో వేసుకుని, కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టే ఎక్కాడు. నోటినిండా తిట్లు సిద్ధంగా ఉన్నాయి.

తలుపు మార్త తీసింది. ఏమిటని అడగలేదు. ఎలిజబెత్ చేతిలో గేమ్ బాక్స్ చూసి పక్కకు తప్పుకుంది. హాలు దాటితే బ్లెస్సీ గది. మూసి ఉన్న ఆ తలుపు ముందు ఒక ప్లాస్టిక్ కుర్చీ, పక్కన నేల మీద మూత పెట్టిన అన్నం కంచం. కుర్చీలో డేనియల్ మాస్టారు. గడ్డం మాసిపోయి ఉంది. ఆ కుర్చీ కాళ్ళు నేల మీద గీసిన గీతలు చూస్తే అది అక్కడికి ఇవాళ రాలేదని తెలుస్తోంది.

జయపాల్ తిట్టడానికి నోరు తెరిచి, ముందు గడియ కోసం చూశాడు. బయట గడియ లేదు. గడియ ఉండవలసిన చోట మరలు ఊడదీసిన బొక్కలు మాత్రం ఉన్నాయి.

"నేనే ఊడదీశాను" అన్నాడు డేనియల్ మాస్టారు. "పొరపాటున కూడా బయటనుంచి పడకూడదని. గడియ లోపలుంది జయపాల్ గారూ. మేం వెయ్యలేదు."

తిట్లన్నీ గొంతులోనే ఉండిపోయాయి. జయపాల్ తలుపుకున్న ఆ బొక్కల వంకే చూస్తూ నిలబడ్డాడు.

మార్తే తక్కినదంతా చెప్పింది. కోత పండగ మర్నాడు హాస్టల్ నుంచి బ్లెస్సీ ఎవరికీ చెప్పకుండా వచ్చేసింది. అంతకుముందు ఫోన్లో నాలుగైదుసార్లు నావల్ల కాదు నాన్నా అందట. ఇంకొన్నాళ్ళు ఓర్చుకో అని ఈయన అన్నాడట. హాస్టల్ పెట్టెలో బట్టల కింద ఆ వైరు లేని రిమోటు దాచుకుని, రాత్రిళ్ళు ఊరికే చేత్తో పట్టుకుని పడుకునేదని హాస్టల్ పిల్లలు చెప్పారట. ఇంటికొచ్చి గేమ్ బాక్స్ కోసం వెతికింది. అదుంటే చదువు మీద ధ్యాస ఉండదని ఈయన అప్పటికే వేలానికి ఇచ్చేశాడు. మాటా పలుకూ లేకుండా గదిలోకి వెళ్ళి గడియ వేసుకుంది. తాము పనికి వెళ్ళాక బయటికొచ్చి ఏదో తింటోంది, స్నానం చేస్తోంది. తాము ఉంటే తలుపు తియ్యదు. ఎవరైనా వచ్చి తలుపు బాదితే ఏం చేసుకుంటుందోనని బయట తాళం వేసి వెళ్తున్నారు. ఇంకో తాళంచెవి లోపల బల్ల మీదే ఉంది. లోకానికి మాత్రం హాస్టల్లో ఉందని చెప్పారు.

"ఆదివారం మీరు చెప్పగానే వచ్చి, నీ గేమ్ దొరికిందమ్మా, తెచ్చిస్తానన్నాను" అన్నాడు డేనియల్ మాస్టారు. "నాకు తెలిసిపోయిందని ఆ ఆటా మానేసింది."

"మా ఇంట్లోనే ఉందని మీకు మొదటినుంచీ తెలుసుగా" అన్నాడు జయపాల్. "ఒక్కమాట అడిగితే నేనివ్వనా మాస్టారూ?"

"దేవుడికిచ్చింది. పైగా వేలం పాడించిందే నేను." అన్నాడు మాస్టారు. "ఏ మొహం పెట్టుకుని వెనక్కి అడగను?"

జయపాల్‌కు వేలంలో ఆయన ఆగిన ఆ క్షణం గుర్తొచ్చింది. మూడోసారి అనడానికి ఈ మనిషి ఎంత అవస్థ పడ్డాడో ఇప్పుడు అర్థమైంది. తను జైలరనుకున్నవాడు తలుపు ముందు కాపలా పడి ఉన్నాడు.

ఎలిజబెత్ అప్పటికే ఎవర్నీ అడక్కుండా హాల్లో టీవీకి గేమ్ బాక్స్ తగిలించేసింది. ఆటల సంగీతం మొదలైంది. రెండు లైట్లూ మిణుకుమంటున్నాయి. మెట్లెక్కిన నడుము ఇక నిలబడనివ్వలేదు. జయపాల్ ఆ గది తలుపు పక్కనే గచ్చు మీద వెల్లకిలా పడుకుని, విజిల్ నోట్లో పెట్టుకుని చిన్న చిన్నగా వేశాడు. ఖాళీ ఉంది, రావచ్చు.

ఏమీ జరగలేదు. మళ్ళీ వేశాడు. మార్త చెంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. టీవీ లోపలి సంగీతం తిరిగి మొదటికొచ్చింది.

మొదటి లైటు నిలకడైంది.

బాణం గుర్తు కిందికి దిగి ఎప్పటి చోటే ఆగింది. ఎర్ర టోపీ గనిలో నడిచింది. కూతురి చెయ్యి ఆడటం తెర మీద మొదటిసారి చూస్తున్న డేనియల్ మాస్టారు కుర్చీలోంచి లేచాడు. మొదటి గని దాటి రెండోదాంట్లోకి వస్తుండగా జయపాల్ మెళ్ళోంచి విజిల్ తీసి పైకి చాపాడు.

"పడుకుంటే నాకు తెర కనపట్టం లేదు మాస్టారూ. మీరు ఊదండి. రమ్మంటానికి చిన్నచిన్నగా, ఆగమంటానికి పొడుగ్గా ఒకటి."

మాస్టారు తనవల్ల కాదన్నట్టు చూశాడు. అయినా వంగి విజిల్ అందుకున్నాడు. ఎర్ర టోపీ గోతి అంచుకు వచ్చేసింది. ఆయన ఊదాడు. ఊదేసరికి ఎర్ర టోపీ గోతిలో పడి మోత వినిపించింది.

తలుపు అవతల్నుంచి, చాలా రోజులు వాడని గొంతు వినిపించింది.

"ఎవరు ఊదింది?"

మార్త గోడకు చేరగిలబడిపోయింది. మాస్టారు విజిల్ నోట్లోంచి తీశాడు. "నేనేనమ్మా."

"లేటుగా ఊదావు నాన్నా" అంది బ్లెస్సీ. "నేను పడిపోయాక ఊదితే ఏం లాభం?"

డేనియల్ మాస్టారు ఏడుపు ఆపుకోలేదు, దాచుకోనూ లేదు. అవునమ్మా, లేటయింది అని మాత్రం అన్నాడు. ఎర్ర టోపీ మళ్ళీ గని మొదట్లో నిలబడింది. ఆయన మొహం తుడుచుకుని తెరకు దగ్గరగా జరిగి, విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. ఈసారి అంచు రాకముందే పొడుగ్గా ఊదాడు. ఎర్ర టోపీ ఆగింది. పలక అవతలి ఒడ్డున ఉంది. తొందరపెట్టలేదు. అది వచ్చేదాకా చూశాడు. వచ్చాక చిన్న చిన్నగా ఊదాడు. ఎర్ర టోపీ పలక ఎక్కింది, దాటింది.

అందరూ తెరనే చూస్తున్నారు. గచ్చు మీద పడుకున్న జయపాల్‌కు మాత్రం తలుపు కింది సందు కనిపిస్తోంది. అందులో రెండు పాదాలు వచ్చి నిలబడ్డాయి. అతను మార్తకు కదలొద్దని చేత్తో సైగ చేశాడు. రెండు దెబ్బలు వినిపించాయి, టక్, టక్. ఈసారి తలుపు మీద. మాస్టారు వెనక్కి తిరగబోయాడు.

"ఊదుతూ ఉండండి మాస్టారూ" అన్నాడు జయపాల్. "మధ్యలో ఆపకూడదు."

ఆయన కన్నీళ్ళతోనే ఊదుతూ ఉన్నాడు. లోపలి గడియ చప్పుడైంది.